పైన పోటు, కింద ఎండు: బీపీకి, షుగర్‌కి నడుమ ఉన్న చిన్న తూముల కథ

మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఏ ఇంట్ల కూర్చున్నా ఒక మాట వినపడుతుంది. "బాపుకు బీపీ ఉంది గాని, దేవుని దయతో షుగర్ లేదు." ఇంకో ఇంట్లో దీన్నే తిప్పి చెప్తారు. "అవ్వకు షుగర్ ఉంది, బీపీ అయితే నార్మలే." రెండూ వేర్వేరు జబ్బులు, ఒకటి గుండెది, ఇంకోటి తిండిది, ఒకటి తప్పించుకుంటే సగం గెలిచినట్టే అని మన లెక్క. మందుల డబ్బాలో కూడా వాటికి వేర్వేరు అరలు.

ఒంటికి ఈ లెక్క తెలియదు. బీపీ ఉన్న చాలామందిలో షుగర్ పరీక్ష నార్మల్ అని వస్తున్న రోజుల్లోనే ఇన్సులిన్ పని దెబ్బతిని ఉంటుంది. ఈ రెండూ కలిసే చోటు గుండె కాదు, పెద్ద రక్తనాళం కూడా కాదు. వెంట్రుక కన్నా సన్నగా ఉండే నాళాల దగ్గర ఆ ముడి ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

భయపడకండి మిత్రులారా, మెడిసిన్ చదవాల్సిన పనిలేదు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌ల ఒక సూత్రం, కంట్రోల్ సిస్టమ్స్‌ల ఒక లూప్, మన కాకతీయ కాలువ గురించి కొంచెం తెలిస్తే చాలు.

కాలువ నిండుగా, మడి ఎండుగా

పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నుంచి బయలుదేరే కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. 146వ కిలోమీటర్ దగ్గర అది కరీంనగర్‌ల లోయర్ మానేరు డ్యామ్‌ను కలుస్తుంది, తర్వాత మళ్లీ వరంగల్ దిక్కు సాగుతుంది. అంత పెద్ద కాలువ నిండా నీళ్లు పారుతున్నా, ఆ కాలువలో ఒక్క వరి కర్ర మొలవదు. నీళ్లు డిస్ట్రిబ్యూటరీలోకి దిగాలి, అక్కడి నుంచి మైనర్ కాలువలోకి, తూములోకి, పంట బోదెలోకి, చివరికి మడిలోకి రావాలి. పంట పండేది మడిలోనే. అందుకే మన రైతు "కాలువల నీళ్లున్నయా" అని అడిగి ఊరుకోడు. "తూము ఎత్తిండ్రా, చివరి మడికి తడి అందిందా" అని అడుగుతాడు.

ఒంట్లో ఏర్పాటు కూడా అచ్చం ఇదే. గుండె నుంచి బయలుదేరే మహాధమని దాదాపు 2.5 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. అది కొమ్మలుగా చీలుతూ, సన్నబడుతూ సూక్ష్మ ధమనులు అవుతుంది. వాటి గోడల చుట్టూ కండరం ఉంటుంది. అది బిగుసుకుంటే దారి ఇరుకవుతుంది, వదులైతే వెడల్పవుతుంది. అంటే ఇవి మన తూములు. వాటి తర్వాత వచ్చేవి కేశనాళికలు. వీటి వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు మాత్రమే. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి చాలాచోట్ల ఒంగి, ముడుచుకొని, ఒకదాని వెనుక ఒకటి దూరిపోతాయి. కేశనాళిక గోడ మందం ఒకే ఒక్క కణం. ఆక్సిజన్, గ్లూకోజ్, ఇన్సులిన్ రక్తంలోంచి కండరానికి దిగేది ఈ గోడ గుండానే. పెద్ద ధమనుల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరగదు. అవి కాలువలు, కేశనాళికలు మడులు.

నాలుగో ఘాతం చేసే మాయ

ఇప్పుడు పాయిజోయ్ సూత్రాన్ని గుర్తు చేసుకుందాం. మనం దాన్ని పైపుల లెక్కల్లో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయినం. పాయిజోయ్ మాత్రం డాక్టర్. 1840ల నాటికి సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాలను పంపి ఆ సూత్రాన్ని తేల్చింది, రక్తం సన్నటి నాళాల్లో ఎట్లా పారుతుందో తెలుసుకోవడానికే. గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్ధం నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుందన్నది ఆయన చెప్పిన మాట.

ఒక చిన్న లెక్క వేద్దాం. తూము వ్యాసార్ధం 10 శాతం తగ్గితే 0.9 నాలుగో ఘాతం దాదాపు 0.66. అంటే అదే ఒత్తిడితో ప్రవాహం మూడో వంతు తగ్గిపోయింది. పాత ప్రవాహమే కావాలంటే ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు పెంచాలి. వ్యాసార్ధం సగమైతే అడ్డంకి 16 రెట్లు పెరుగుతుంది. రక్తం నీళ్లంత సాఫీ ద్రవం కాదు, నాళం గాజు గొట్టమూ కాదు, కాబట్టి ఈ అంకెలు ఒంట్లో అచ్చంగా ఇట్లనే పడవు. కానీ దిశ మాత్రం ఇదే.

పెద్ద ధమనుల్లో సగటు ఒత్తిడి సుమారు 95 మిల్లీమీటర్ల పాదరసం. కేశనాళిక మొదట్లోకి వచ్చేసరికి అది 30, 35కు పడిపోతుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం సూక్ష్మ ధమనుల దగ్గరే ఖర్చవుతుంది. బీపీ మిషన్ చేతికి కట్టి కొలిచేది కాలువలో ఒత్తిడిని. ఆ ఒత్తిడిని చాలావరకు నిర్ణయించేవి మాత్రం కంటికి కనపడని ఈ తూములే.

2022 జులై వరదల్లో కడెం ప్రాజెక్టును గుర్తు చేసుకోండి. లోపలికి వచ్చే నీరు గేట్లు వదలగలిగే నీటిని మించిపోయింది. ఉన్న 18 గేట్లలో ఒకటి లేవనంది. రాష్ట్రమంతా ఆ రాత్రి ఊపిరి బిగపట్టింది. దారి ఇరుకైతే వెనుక మట్టం పెరుగుతుందని ఆ రోజు మనకు ఎవరూ సూత్రం రాసి చెప్పాల్సిన పని లేకపోయింది. రక్తపోటులోని 'పోటు' కూడా ఆ పోటే.

అయితే మూసుకున్న తూముకు రెండు పక్కలుంటాయి. పైన పోటు వస్తుంది, కింద మడి ఎండుతుంది. మనం పై పక్క ఒక్కటే కొలుస్తున్నం. ఇన్సులిన్ కథ కింది పక్కన ఉంది.

ఇన్సులిన్ కూడా ఒక నీరటే

ఇంటర్ బయాలజీ తెలిసినవాళ్లకు ఇన్సులిన్ అంటే తాళంచెవి. కణం తలుపు తెరిస్తే గ్లూకోజ్ లోపలికి పోతుంది. నిజమే. కానీ తాళంచెవి తలుపు దాకా రావాలి కదా? ఇన్సులిన్ రక్తంతో పాటే వస్తుంది. కండరంలో ఎన్ని కేశనాళికల్లో రక్తం బాగా పారుతుంటే అన్ని కణాలకు ఇన్సులిన్ అందుతుంది, గ్లూకోజ్ కూడా అందుతుంది.

ఈ కథలో ఆగస్ట్ క్రోగ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పేరు రెండుసార్లు వస్తుంది. విశ్రాంతిగా ఉన్న కండరంలో కొద్ది కేశనాళికలే పనిలో ఉంటాయని, కండరం పని చేస్తే మిగతావి కూడా తెరుచుకుంటాయని ఆయన చూపించారు. దానికి 1920లో నోబెల్ వచ్చింది. ఇప్పటి పరిశోధకులు కేశనాళికలు పూర్తిగా మూసుకుంటాయని అనరు. కొన్నిట్లో ప్రవాహం బాగా తక్కువగా ఉండి, అవసరమైనప్పుడు పెరుగుతుందంటారు. ఆ తర్వాత క్రోగ్ 1922లో అమెరికా, కెనడా ప్రయాణం చేశారు. ఆయన భార్య మేరీ క్రోగ్ స్వయంగా డాక్టర్, ఆమెకు డయాబెటిస్. టొరంటోలో అప్పుడే కనుక్కున్న ఇన్సులిన్‌ను డెన్మార్క్‌లో తయారు చేసుకునే అనుమతి ఆయన తెచ్చుకున్నారు. కేశనాళికలు, ఇన్సులిన్ రెండూ ఒకే ఇంట్లో కలిసినా, వాటి మధ్య ఉన్న సంబంధం తేలడానికి ఇంకో 70 ఏళ్లు పట్టింది.

1990లలో తెలిసింది ఇది. ఇన్సులిన్ కండర కణం తలుపు తెరవడంతో పాటు, రక్తనాళం లోపలి పొర అయిన ఎండోథీలియానికి కూడా ఒక సైగ చేస్తుంది. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. అది గోడలోని కండరాన్ని వదులు చేస్తుంది, తూము తెరుచుకుంటుంది. ఈ వాయువు రక్తనాళాల్లో దూతలా పని చేస్తుందని కనుక్కున్నందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. మన ఊళ్లో చెరువు తూము ఎత్తి, ఏ మడికి ఎంత తడి పోవాలో చూసే మనిషిని నీరటి అంటారు. అన్నం తిన్నాక ఇన్సులిన్ చేసే మొదటి పని నీరటి పని. ముందు తూము ఎత్తుతుంది, తర్వాత మడిలో దిగుతుంది.

ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని మందుతో ఆపేస్తే, ఇన్సులిన్ ఇచ్చినా కేశనాళికలు పనిలోకి రాలేదు. కండరం తీసుకునే గ్లూకోజ్ కూడా బాగా తగ్గింది. కండర కణాలకు ఏ లోపమూ లేదు. నీరటిని కట్టేశారు, అంతే.

పీసా లూప్, ఆమ్‌స్టర్‌డామ్ గోరు

మరి బీపీ ఉన్న మనుషుల్లో ఇది నిజంగా దెబ్బతింటుందా? ఇన్సులిన్ పనితనాన్ని కొలవడానికి 'క్లాంప్' అనే పద్ధతి ఉంది. అది మన కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబ్ లాంటిదే. ఒక చేతి సిరలోకి ఇన్సులిన్‌ను స్థిరమైన వేగంతో పంపుతారు. దాంతో రక్తంలో గ్లూకోజ్ పడిపోవాలి. పడిపోకుండా గ్లూకోజ్ కూడా ఎక్కిస్తారు. కొద్ది నిమిషాలకోసారి రక్తం పరీక్షించి, గ్లూకోజ్ వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ రక్తంలో దాని మట్టాన్ని ఒకే సెట్ పాయింట్ దగ్గర పట్టి ఉంచుతారు. చివరికి ఎంత వేగంతో గ్లూకోజ్ ఎక్కించాల్సి వచ్చిందో అదే ఆ మనిషి ఇన్సులిన్ పనితనం. ఎక్కువ పట్టిందంటే ఒళ్లు బాగా తాగుతోంది. తక్కువ పట్టిందంటే ఒళ్లు మాట వినడం లేదు.

1987లో ఇటలీలోని పీసా నగరానికి చెందిన ఫెర్రానీని బృందం బీపీ ఉన్న 13 మంది మీద ఈ పరీక్ష చేసింది. వాళ్ల సగటు వయసు 38. లావు లేరు. షుగర్ లేదు, గ్లూకోజ్ పరీక్ష నార్మల్. అయినా ఆరోగ్యవంతులతో పోలిస్తే వాళ్ల ఒళ్లు తీసుకున్న గ్లూకోజ్ దాదాపు 40 శాతం తక్కువ. "బీపీ ఉంది గాని షుగర్ లేదు" అన్న మాటకు ఈ 13 మంది సరిగ్గా సరిపోతారు. పరీక్ష కాగితం మీద వాళ్లకు ఏమీ లేదు, లోపల మాత్రం నీరటి మాట చెల్లడం లేదు.

మరి షుగర్ ఎందుకు పెరగలేదు? ఎందుకంటే క్లోమం రెట్టింపు పని చేస్తోంది. ఒక నీరటి మాట వినకపోతే ఇద్దర్ని పంపుతుంది, నలుగురిని పంపుతుంది. ఏళ్ల తరబడి ఇట్లా నెట్టుకొస్తుంది. క్లోమం అలసిపోయిన రోజున షుగర్ 'కొత్తగా' వచ్చినట్టు కాగితం మీద కనపడుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో సెర్నె బృందం నేరుగా కేశనాళికలనే చూసింది. వేలి గోరు మొదట్లో చర్మం పలుచగా ఉంటుంది, మైక్రోస్కోప్ పెడితే కేశనాళికలు వంకీలు తిరిగిన దారాల్లా కనపడతాయి. 1999లో వాళ్లు ప్రచురించిన అధ్యయనం ఆరోగ్యవంతుల మీద చేసినదే. ఎవరిలో చిన్న నాళాలు బాగా తెరుచుకుంటున్నాయో, వాళ్లలో ఇన్సులిన్ బాగా పని చేస్తోంది, బీపీ కూడా తక్కువగా ఉంది. జబ్బు రాకముందే ఈ మూడూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయన్నమాట. బీపీ ఉన్నవాళ్ల మీద తర్వాత చేసిన పనిలో రెండు లోపాలు బయటపడ్డాయి. ఉన్న కేశనాళికలు సరిగా తెరుచుకోకపోవడం ఒకటి, అసలు వాటి సంఖ్యే తగ్గిపోవడం ఇంకోటి. అంటే మొదట తూము మొరాయిస్తుంది, తర్వాత వాడకం లేని బోదె పూడిపోతుంది.

ముందు ఏది?

వైవాల సార్ అడిగే ప్రశ్న ఇది. బీపీ వల్ల ఇన్సులిన్ పని చెడిందా, ఇన్సులిన్ పని చెడి బీపీ వచ్చిందా? రెండు దిక్కులా దారి ఉంది.

బీపీ ఎక్కువ కాలం ఉంటే సూక్ష్మ ధమనుల గోడ ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి మందమవుతుంది, లోపలి దారి ఇంకా ఇరుకవుతుంది. కాలువ పోలిక ఇక్కడ ఆగిపోతుంది. సిమెంటు లైనింగ్ తనంతట తాను మందం కాదు, రక్తనాళం ప్రాణమున్న గోడ కాబట్టి అవుతుంది. దారి ఇరుకైతే ఇన్సులిన్ కండరానికి సరిగా చేరదు.

రెండో దిక్కు ఇంకా చిత్రంగా ఉంటుంది. ఇన్సులిన్ రక్తనాళంలో ఒకే సైగ చేయదు, రెండు చేస్తుంది. ఒక దారిలో నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి తూము తెరుచుకుంటుంది. ఇంకో దారిలో ఎండోథీలిన్ అనే పదార్థం వచ్చి తూము బిగుసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మొదటిదే గెలుస్తుంది. ఇన్సులిన్ మాట చెల్లని స్థితిలో దెబ్బతినేది ఎక్కువగా ఆ తెరిచే దారే. బిగించే దారి అట్లనే ఉంటుంది. పైగా క్లోమం ఇన్సులిన్‌ను ఎక్కువెక్కువ పంపుతోంది కదా, ఆ ఎక్కువంతా బిగించే పనికే పోతుంది. ఇన్సులిన్‌కు కిడ్నీలో ఉప్పును పట్టి ఉంచే గుణం, నరాల ఉద్రేకాన్ని పెంచే గుణం కూడా ఉన్నాయి. అవీ బీపీని పైకే నెడతాయి. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో మనకు తెలుసు. ఔట్‌పుట్ తిరిగొచ్చి ఇన్‌పుట్‌ను పెంచుతుంది, ఎక్కడో ఒక దగ్గర లూప్‌ను తెంపితే తప్ప ఆగదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బీపీ ఉన్న ప్రతి మనిషికీ ఈ లోపం ఉండదు. దాదాపు సగం మందిలో ఉంటుందని సాధారణంగా చెప్పే అంచనా. కిడ్నీ జబ్బు వల్ల వచ్చే బీపీ లాంటివి వేరే కథ. కానీ ఏ సగంలో ఉన్నామో బీపీ అంకె చూసి చెప్పలేం.

మన దగ్గర సంగతి

2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 11.4 శాతం మందికి షుగర్, ఇంకో 15.3 శాతం మందికి షుగర్‌కు ముందు దశ ఉన్నాయి. ముగ్గురిలో ఒకరికి బీపీ అంటే, మన క్లాసులో దాదాపు ప్రతి ఇంట్లో ఒకరన్నమాట.

బీపీ మందులు క్రమంగా అందించడానికి 2017లో ప్రకటించిన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ మొదట అయిదు రాష్ట్రాల్లో నడిచింది. వాటిలో తెలంగాణ ఒకటి. ప్రభుత్వ దవాఖానల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ రెండూ కలిపే చూస్తారు. ఆశా అక్క ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునేది అందుకే. రెండు పరీక్షలూ ఒకేసారి చేయడానికి కారణం సౌకర్యం ఒక్కటే కాదని ఇప్పుడు మనకు అర్థమై ఉండాలి.

ఇక్కడ జరిగే నష్టం ఎక్కువగా ఒకే తీరులో ఉంటుంది. గోలీ వేసుకుంటే బీపీ 130కి దిగుతుంది. తలనొప్పి లేదు, తల తిరుగుడు లేదు. "మంచిగైంది, ఇగ గోలీ ఎందుకు" అని ఆపేస్తారు. కాలువ మట్టం దిగింది కాబట్టి తూములు బాగుపడ్డాయని అనుకోవడం ఇది. అమ్లోడిపిన్ సూక్ష్మ ధమని కండరాన్ని వదులు చేస్తుంది. టెల్మిసార్టాన్ దాన్ని బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. గోలీ ఆపితే తూము మళ్లీ బిగుసుకుంటుంది. ఈసారి పోటు ఎక్కడ తెగుతుందో చెప్పలేం. మెదడులో తెగితే పక్షవాతం. కంటి రెటీనా, కిడ్నీ వడపోత గుత్తులు కూడా చిన్న నాళాల మయమే కాబట్టి అవి చప్పుడు లేకుండా దెబ్బతింటాయి.

లూప్‌ను ఎక్కడ తెంపాలి?

మన చేతిలో ఉన్న బలమైన పని నడక. పని చేసే కండరం కేశనాళికలను ఇన్సులిన్ సాయం లేకుండానే తెరుస్తుంది, గ్లూకోజ్‌ను కూడా ఇన్సులిన్ లేకుండానే లోపలికి లాక్కుంటుంది. నీరటి మాట చెల్లని ఊళ్లో రైతే పార పట్టుకొని తూము దగ్గరికి పోయినట్టు. రోజూ చేస్తే కండరంలో కొత్త కేశనాళికలు కూడా మొలుస్తాయి, పూడిన బోదెలు మళ్లీ తవ్వినట్టే. అన్నం తిన్నాక 15 నిమిషాలు నడవమని చెప్పడం వెనుక ఇంత కథ ఉంది.

రెండోది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలంటుంది, అంటే ఒక చిన్న చెంచా. హాస్టల్ మెస్ పప్పు, దానిలోకి మామిడికాయ తొక్కు, రాత్రి చిప్స్ ప్యాకెట్ కలిపితే అది ఎప్పుడో దాటిపోతుంది. మూడోది పొగ. బీడీ అయినా సిగరెట్ అయినా నైట్రిక్ ఆక్సైడ్‌ను దెబ్బతీస్తుంది, అంటే తూము ఎత్తే చేతినే నరుకుతుంది. బీడీలు చుట్టే ఊళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట పొరుగింటి సంగతిలా వినకండి. నాలుగోది నిద్ర. సెమిస్టర్ పరీక్షల ముందు వరుసగా కొన్ని రాత్రులు నిద్ర చాలకపోతే, కుర్రవాళ్లలో కూడా ఇన్సులిన్ పని తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది.

మనకు 20 ఏళ్లే, ప్రభుత్వ పరీక్షల జాబితాలో ఇంకా లేము. కానీ అమ్మకో నాన్నకో బీపీ ఉంటే ఏడాదికోసారి మన బీపీ మనం చూపించుకోవడంలో తప్పులేదు. వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 దాటుతుంటే డాక్టర్‌ను కలవాలి.

ఈసారి ఇంటికి పోయినప్పుడు బాపు మందుల చీటీ ఒకసారి తీసి చూడండి. బీపీ ఒక్కటే రాసి ఉంటే, షుగర్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించిండో అడగండి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, కంటి వెనుక పరీక్ష ఎప్పుడైనా జరిగాయా అని డాక్టర్‌ను అడగమనండి. ఆ రెండూ చిన్న నాళాల సంగతి చెప్పే పరీక్షలు. గోలీ ఆపేసి ఉంటే మాత్రం కొట్లాట పెట్టుకోకండి, తూము సంగతి చెప్పండి. చివరి మడికి నీళ్లు అందకపోతే ఏమైతదో మనకన్నా ఆయనకే బాగా తెలుసు.